పగడపు జీవుల రంగులు – వాని మాంసకృత్తుల నిర్మాణ చరిత్ర

తెలుగువారికి పగడము కొత్త వస్తువు కాదు. నవరత్నములలో అది ఒకటి. మంగళసూత్రముతోబాటు ముత్యమును, పగడమును కూర్చి ధరించుట ఇక్కడి ఇండ్లలో తరతరముల ఆచారము. సముద్రమునకు ఎంతో దూరమున, కృష్ణానదీ ప్రాంతమున ఉన్న కొత్తకోట, వనపర్తి, గద్వాల వంటి ఊళ్లలో సముద్రపు అలను ఎన్నడును చూడని వృద్ధురాలి మెడలో గూడ పగడపు పూస కనిపించును. ఈ పూస వెనుక పెద్ద చరిత్రయే కలదు. 17, 18 శతాబ్దములలో మధ్యధరా సముద్రమున తీసిన పగడము ఓడలపై మద్రాసు రేవునకు వచ్చుచుండెను; దానికి మారుగా గోలకొండ సీమ వజ్రములు ఐరోపాకు తరలిపోవుచుండెను.

నగలలోని ఎర్ర పగడము ఒక సముద్రజీవి యొక్క అస్థిపంజరము. అది కాల్షియం కార్బొనేటుతో, అనగా సున్నపురాతి పదార్థముతో, ఏర్పడినది. కారెట్ దుంపకు రంగునిచ్చు పదార్థములతో పోలికగల ఎర్రని ద్రవ్యము ఆ రాతిలోనే ఇమిడియుండును. జీవి చనిపోయినను ఆ రంగు చెడదు. కనుకనే అది నగలకు పనికివచ్చినది. కాని వెచ్చని, లోతు తక్కువైన సముద్రములలో పగడపు దిబ్బలను కట్టు జీవుల సంగతి వేరు. వాటిలో చాలవాని అస్థిపంజరము తెల్లగా నుండును. ప్రాణముతో నున్నప్పుడు వానిపై కనబడు ఆకుపచ్చ, గులాబి, ఊదా, నీలి వన్నెలు పలుచని మాంసపు పొరలో ఉన్నవి. జీవి చనిపోయినచో వన్నెయు పోవును. మిగులునది తెల్లని సున్నము. ఇట్లు ప్రాణముతోబాటు వచ్చి ప్రాణముతోబాటు పోవు ఈ రంగు ఏమిటి? అది ఎట్టి పదార్థము? దాని ఆకారమెట్టిది? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకుటకు ముప్పాతిక శతాబ్దము పట్టెను.

ఆంధ్ర తీరమున పెద్ద పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ తెచ్చి పోయు మంచినీరును, ఒండ్రును పగడపు జీవులకు పడవు. వానికి నిర్మలమైన ఉప్పునీరు, ఎండ, వెచ్చదనము కావలెను. మన దేశమున మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతము, కచ్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాన్ నికోబార్ దీవులు వాని నివాసములు.

రంగు ఎక్కడ ఉన్నది?

పగడపు జీవి చిన్నది. మెత్తని గొట్టము వంటి దేహము, పైన నోరు, నోటి చుట్టును మీసముల వంటి తంతువులు – ఇదియే దాని స్వరూపము. ఇట్టివి వేలకొలది కలిసి ఒక గుంపుగా బ్రతుకును. వాని కణములలో ఏకకణ శైవలములు, అనగా కంటికి కానరాని నాచు మొక్కలు, కాపురముండును. అవి సూర్యరశ్మితో ఆహారము తయారుచేసి, అందులో చాల భాగమును తమకు చోటిచ్చిన జీవికి ఒసగును. పగడములలో సామాన్యముగా కనబడు గోధుమ రంగు ఈ శైవలములది. తక్కిన వింత వన్నెలలో పెక్కు జీవి స్వయముగా తయారుచేసికొన్నవి.

ఈ రెండవ జాతి రంగులలో కొన్నిటికి ఒక విశేష లక్షణము కలదు. వానిపై నీలికాంతి గాని, అతినీలలోహిత కిరణములు గాని పడినప్పుడు అవి మరియొక రంగున ప్రకాశించును. దీనికి ప్రతిదీప్తి అని పేరు. 1927లో ఇంగ్లండులోని టార్‌బే తీరమున సి. ఇ. ఎస్. ఫిలిప్స్ అనునతడు సముద్రపుష్పములలో ఇట్టి ప్రతిదీప్తిని చూచి ప్రకటించెను. సముద్రపుష్పములు పగడపు జీవులకు దగ్గరి చుట్టములు. తరువాత, అప్పుడు జపాను పాలనలో నుండిన పలావు దీవులలో సిరో కవాగుటి పగడపు రంగులను పరిశీలించి 1944లో ఒక వ్యాసము ప్రకటించెను. ఆకుపచ్చగా ప్రకాశించు ఆ ద్రవ్యము తీవ్రమైన ఎండనుండి జీవిని కాపాడుచున్నదేమో యని ఆయన ఊహించెను. అది యుద్ధకాలము. ఆ ద్రవ్యము రసాయనికముగా ఏమిటో తేల్చు సాధనములు అప్పటికి లేవు. ప్రశ్న అట్లే నిలిచిపోయెను.

జెల్లీచేప చూపిన దారి

సమాధానమునకు దారి పగడమునుండి గాక జెల్లీచేపనుండి వచ్చెను. ఆ దారి తెరచినవాడు ఒసాము షిమొమురా. 1945లో నాగసాకిపై అణుబాంబు పడినప్పుడు ఆయన ఆ సమీపమునే కర్మాగారములో పనిచేయుచుండిన విద్యార్థి. తరువాత ఆయన రసాయన శాస్త్రమును అభ్యసించి, 1960లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు ఫ్రాంక్ జాన్సన్ వద్ద పనిచేయుటకు వెళ్లెను. 1961 వేసవిలో ఆ ఇరువురు పసిఫిక్ తీరమున ఫ్రైడే హార్బరు అను చోట సుమారు 10,000 జెల్లీచేపలను పట్టి, వాని గొడుగు అంచున నుండు వెలుగు భాగములను కత్తిరించి రసము తీసిరి.

అప్పటికి జీవులు వెలుగునిచ్చు విధానమును గూర్చి తెలిసినది మిణుగురు పురుగు కథ. దాని వెలుగునకు ఏటీపీ అను శక్తి పదార్థము అవసరమని 1947లో విలియం మెకెల్రాయ్ చూపియుండెను. ఆ ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు వేర్వేరుగా కనుగొనియుండిరి. భీమవరమున 1895లో జన్మించిన సుబ్బారావు పేరు తెలుగు పాఠకులకు పరిచితమే. కాని జెల్లీచేప రసము ఆ దారిని పోలేదు. షిమొమురా ఒకనాడు రసమును తొట్టిలో పారబోయగా, అందులోని సముద్రజలము తగిలి తళుక్కున నీలికాంతి పుట్టెను. సముద్రజలములోని కాల్షియమే దానికి కారణమని తేలెను. ఏటీపీ అవసరము లేదు. ఆ వెలుగునిచ్చు మాంసకృత్తికి ఎక్వోరిన్ అని పేరు పెట్టిరి.

ఇక్కడ ఒక చిక్కు వచ్చెను. పరీక్షనాళికలో వెలుగు నీలము. బ్రతికిన జెల్లీచేపలో అది ఆకుపచ్చ. కారణము వెదకగా రసములో రెండవ మాంసకృత్తి ఒకటి కనబడెను. అది నీలి వెలుగు శక్తిని గ్రహించి ఆకుపచ్చ వెలుగుగా విడుదల చేయుచున్నది. 1962లో ఈ ఆకుపచ్చ ప్రతిదీప్త మాంసకృత్తి సంగతి ఎక్వోరిన్ వ్యాసములోనే చిన్న ప్రస్తావనగా అచ్చైనది. 1979లో షిమొమురా దానిలో కాంతిని గ్రహించు భాగము యొక్క రసాయన నిర్మాణమును ప్రతిపాదించెను.

ఆ ప్రతిపాదనలోని వింత ఇది. మన రక్తములోని హీమోగ్లోబిన్ ఎర్రగా నుండుటకు కారణము దానిలో అతికియున్న ఇనుముగల హీము అను వేరొక పదార్థము. రంగుగల మాంసకృత్తులన్నియు ఇట్లే మరియొక ద్రవ్యమును అరువు తెచ్చుకొనునని పలువురి అభిప్రాయము. జెల్లీచేప మాంసకృత్తి మాత్రము ఏమియు అరువు తెచ్చుకొనలేదు. దాని స్వంత గొలుసులోని ఏమినో ఆమ్లములే తమలో తాము ముడిపడి రంగు కేంద్రముగా మారినవి.

వత్తి, బుడ్డి

1992లో అమెరికాలోని వుడ్స్ హోల్‌లో డగ్లస్ ప్రాషర్ ఈ మాంసకృత్తి జన్యువును వేరుచేసి చదివెను. గొలుసులో 238 ఏమినో ఆమ్లములున్నవి. వానిలో 65, 66, 67 స్థానములందలి సెరీన్, టైరోసిన్, గ్లైసీన్ అను మూడే రంగు కేంద్రమగును. 1994లో మార్టిన్ చాల్ఫీ ఆ జన్యువును సూక్ష్మజీవిలోను, ఒక చిన్న పురుగులోను ప్రవేశపెట్టగా అవియు ఆకుపచ్చగా ప్రకాశించెను. జెల్లీచేపకు చెందిన మరే పదార్థము యొక్క సహాయమును అక్కరలేదని దీనివలన రుజువైనది. గాలిలోని ఆక్సిజన్ ఉన్న చాలునని రోజర్ త్సియెన్ చూపెను.

మాంసకృత్తి ఆకారమును చూచుటకు సూక్ష్మదర్శిని చాలదు. దానికి ఎక్స్-కిరణ స్ఫటిక శాస్త్రము కావలెను. మాంసకృత్తిని శుద్ధిచేసి స్ఫటికములుగా పెంచి, వానిపై ఎక్స్-కిరణములను ప్రసరింపజేసినచో అవి చెదరి చుక్కల వరుసలుగా పడును. ఆ చుక్కల స్థానములను, తీవ్రతలను కొలిచి, లెక్కకట్టి పరమాణువులు ఎక్కడెక్కడ ఉన్నవో నిర్ణయింతురు. 1950 దశకము చివర మయోగ్లోబిన్ ఆకారమును జాన్ కెండ్రూ బృందము ఈ పద్ధతిననే సాధించెను. మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చర్మమునందలి కొల్లాజెన్ అను మాంసకృత్తి మూడు పేటల తాడువలె పెనవేసికొని యుండునని 1954లో ప్రకటించిరి. 1963లో రామచంద్రన్ తన సహచరులతో కలిసి, మాంసకృత్తుల గొలుసు ఏ ఏ కోణములలో వంగగలదో, ఏ కోణములలో వంగజాలదో చూపు పటమును తయారుచేసెను. నేటికిని కొత్త నిర్మాణమును సాధించినవారు అది సరిగా నున్నదా లేదా యని ఆ పటముతో సరిచూచుకొందురు.

1996లో జెల్లీచేప మాంసకృత్తి నిర్మాణమును రెండు బృందములు వేర్వేరుగా ప్రకటించినవి. ఒకటి ఆరెగాన్ విశ్వవిద్యాలయమున జేమ్స్ రెమింగ్టన్‌ది. రెండవది హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయమున జార్జి ఫిలిప్స్‌ది. ఆకారము చూచినవారికి ఆశ్చర్యము కలిగెను. వెదురు బద్దలతో అల్లిన ధాన్యపు గుమ్మిని తలచుకొన్నచో ఆ ఆకారము మనసునకు వచ్చును. పదునొకండు పట్టీలు ప్రక్కప్రక్కన నిలిచి గుండ్రని గోడగా ఏర్పడినవి. ఎత్తు సుమారు 42 ఆంగ్‌స్ట్రాములు, వెడల్పు సుమారు 24. ఒక ఆంగ్‌స్ట్రాము సెంటీమీటరులో పదికోట్లవ వంతు. గుమ్మి నడుమగుండ ఒక మెలికల తీగ పోవుచున్నది. దాని మధ్యనే రంగు కేంద్రము ఉన్నది.

గోడ పని ఏమి? లాంతరులో వత్తి ఎంత ముఖ్యమో, గాలి తగులకుండ కాపాడు బుడ్డియు అంత ముఖ్యము. రంగు కేంద్రమునకు నీటి అణువులు స్వేచ్ఛగా తగిలినను, అది కదలుటకు చోటు దొరికినను, గ్రహించిన శక్తి కాంతిగా గాక వేడిగా పోవును. గొలుసును విప్పివేసినచో రంగు కేంద్రము చెడకున్నను వెలుగు ఆరిపోవును. గొలుసు తిరిగి మడతపడినచో వెలుగు తిరిగివచ్చును. వెలుగునకు మూడు ఏమినో ఆమ్లములతోబాటు వాని చుట్టునున్న కట్టడమంతయు కారణమని ఇట్లు స్పష్టమైనది.

మాస్కో తొట్లలో దొరికిన ఎరుపు

అప్పటికి ఒక నమ్మకము స్థిరపడియుండెను. ఇట్టి మాంసకృత్తులు స్వయముగా వెలుగు పుట్టించు జీవులలోనే ఉండునని పరిశోధకులు తలచిరి. నీలి వెలుగును ఆకుపచ్చగా మార్చుటయే వాని పని యైనప్పుడు, వెలుగే లేని జీవికి వానితో నిమిత్తమేమి? రష్యాలో యూలీ లాబాస్ అను జీవశాస్త్రజ్ఞుడు వేరు విధముగా ఆలోచించెను. పగడపు జీవులును, సముద్రపుష్పములును చీకటిలో వెలుగవు. అయినను నీలికాంతి పడినచో ప్రకాశించును. వానిలోను అట్టి మాంసకృత్తియే ఎందుకు ఉండకూడదు?

మాస్కో సముద్రతీర నగరము కాదు. కాని అక్కడ ఉప్పునీటి తొట్లలో ఉష్ణదేశపు పగడపు జీవులను పెంచు వేడుకగలవారు కలరు. సెర్గేయ్ లుక్యానోవ్, మిఖాయిల్ మాత్స్, లాబాస్ మొదలగువారు అట్టి తొట్లలోని జీవులనుండి జన్యువులను తీసి పరీక్షించిరి. 1999లో వారు ఆరు కొత్త మాంసకృత్తులను ప్రకటించిరి. ఏమినో ఆమ్లముల వరుసలో జెల్లీచేప మాంసకృత్తితో వాని పోలిక 26 నుండి 30 శాతము మాత్రమే. అయినను అవి ఒకే వంశమునకు చెందినవి. వానిలో ఒకటి డిస్కోసోమా అను జీవినుండి దొరికినది. పగడములకు దగ్గరి చుట్టమైన ఆ జీవికి గట్టి అస్థిపంజరము ఉండదు. దాని మాంసకృత్తి 558 నానోమీటర్ల కాంతిని గ్రహించి 583 నానోమీటర్ల ఎర్రని కాంతి నిచ్చును. దానికి డీఎస్‌రెడ్ అను పేరు వాడుకలోనికి వచ్చెను. జెల్లీచేప జన్యువును ఎంత మార్చినను అంతవరకు ఎవ్వరికిని అట్టి ఎరుపు రాలేదు.

నాలుగు గుమ్ముల జట్టు

ఎరుపు ఎట్లు వచ్చెను? 2000లో త్సియెన్ బృందము దాని రంగు కేంద్రపు రసాయనమును తేల్చెను. అదే సంవత్సరము రామ రంగనాథన్ బృందమును, 2001లో రెమింగ్టన్ బృందమును దాని స్ఫటిక నిర్మాణమును ప్రకటించినవి. గుమ్మి ఆకారము మారలేదు. లోపలి రంగు కేంద్రమున మాత్రము ఒక అడుగు ముందుకు పడినది. ఆకుపచ్చ కేంద్రములో జంటబంధములు ఒకటి విడిచి ఒకటి వరుసగా నుండును. ఎర్ర మాంసకృత్తిలో ఆక్సిజన్ మరియొకసారి పనిచేసి ఆ వరుసను మరికొంత పొడిగించినది. వరుస పొడవైనకొలది గ్రహించు కాంతి యొక్క తరంగదైర్ఘ్యము పెరుగును. సితారు తీగ పొడవైనకొలది స్వరము దిగుట వంటిదే ఇది.

మరియొక విశేషము రామచంద్రన్ వంటివారికి ప్రీతి కలిగించునట్టిది. మాంసకృత్తుల గొలుసులో ఏమినో ఆమ్లములను కలుపు లంకెలు దాదాపు అన్నియు ఎదురెదురు అమరికలో, అనగా ట్రాన్స్ రూపమున, ఉండును. ఒకే ప్రక్క అమరిక, అనగా సిస్ రూపము, మిక్కిలి అరుదు. డీఎస్‌రెడ్‌లో రంగు కేంద్రమునకు సరిగా ముందున్న లంకె సిస్ రూపమున నున్నది. రంగు కేంద్రపు వరుస పొడిగింపబడిన చోటు ఇదియే.

నిర్మాణము ఒక చిక్కును గూడ బయటపెట్టెను. డీఎస్‌రెడ్ ఒంటరిగా నుండదు. నాలుగు గుమ్ములు ఒకదానికొకటి ఆనుకొని జట్టుగా నుండును. జీవకణములోని వేరొక మాంసకృత్తికి దీనిని గుర్తుదీపముగా అతికించినప్పుడు నాలుగింటిని ఒక్కచోటికి లాగి పనిని పాడుచేయును. పైగా అది పూర్తిగా ఎరుపెక్కుటకు రోజులు పట్టును. స్ఫటిక పటములో గుమ్ములు ఎక్కడ తాకుచున్నవో చూచి, ఆ చోట్లనున్న ఏమినో ఆమ్లములను మార్చుచు పోగా, తగ్గిన వెలుగును తిరిగి తెచ్చుటకు మరికొన్ని మార్పులు అవసరమైనవి. తుదకు 33 మార్పులతో 2002లో ఒంటరిగా నిలుచు ఎర్ర మాంసకృత్తి తయారైనది. దానినుండి 2004లో నారింజ, స్ట్రాబెర్రీ, చెర్రీ మున్నగు పండ్ల పేర్లతో ఒక వన్నెల వరుస వెలువడినది.

వెలుగని నీలము

పగడపు దిబ్బలలోని రంగులన్నియు ప్రకాశించునవి కావు. గులాబి, నీలి, ఊదా రంగు పగడములు పెక్కు కాంతిని గ్రహించునే గాని తిరిగి ఇయ్యవు. 1995లో ఆస్ట్రేలియాలో సోఫీ డవ్, ఓవె హూ-గుల్డ్‌బర్గ్ మొదలగువారు ఈ గులాబి, నీలి ద్రవ్యములను వేరుచేసి, అవి మాంసకృత్తులని చూపి, పోసిలోపోరిన్ అని పేరు పెట్టిరి. 2001లో అవియు జెల్లీచేప మాంసకృత్తి వంశమువే యని తేలెను. అయినచో ఒకే వంశములో ఒకటి వెలుగనేల, మరియొకటి వెలుగకుండనేల?

ఈ ప్రశ్నకు 2003లో మెల్బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయ బృందము సమాధానము చెప్పెను. మోంటిపోరా ఎఫ్లోరెసెన్స్ అను పగడపు జీవినుండి వచ్చిన ఆర్‌టీఎంఎస్-5 అను మాంసకృత్తి 592 నానోమీటర్ల కాంతిని గాఢముగా గ్రహించును. ఆ పసుపు-నారింజ కాంతి తగ్గిపోవుటచేత మన కంటికి అది నీలముగా కనబడును. వారు దాని నిర్మాణమును 2.2 ఆంగ్‌స్ట్రాముల సూక్ష్మతతో సాధించిరి. అదే గుమ్మి, అదే జట్టు. రంగు కేంద్రములోని రెండు వలయములు మాత్రము వేరు తీరున ఉన్నవి. వెలుగు మాంసకృత్తులలో ఆ రెండును బల్లపరుపుగా ఒకే తలమున నుండును. ఇందులో అవి ఎదురు ప్రక్కకు తిరిగి మెలిపడియున్నవి. కాంతిని గ్రహించిన తరువాత అట్టి కేంద్రము శక్తిని కదలికగాను, వేడిగాను వదలివేయును.

పరీక్షార్థము వారు రంగు కేంద్రము ప్రక్కన 146వ స్థానమునందలి హిస్టిడీన్‌ను తీసి సెరీన్‌ను ఉంచిరి. వెలుగని ఆ మాంసకృత్తిలో ప్రతిదీప్తి పెరిగెను. రెండు వందలకు మించిన ఏమినో ఆమ్లములలో ఒక్కటి మారినంతనే స్వభావము మారినది. రంగు కేంద్రములో చేరిన పరమాణువులతోబాటు అవి ఏ కోణమున నిలిచియున్నవి, వాని ప్రక్కన ఎవరున్నారు అనునవి గూడ రంగును నిర్ణయించుచున్నవని పగడములు ఇట్లు నేర్పినవి.

ఎండకు మారు రంగు

2002లో జపానులోని రికెన్ సంస్థకు చెందిన అత్సుషి మియావాకి బృందము ట్రాకిఫిల్లియా అను రాతి పగడమునుండి మరియొక వింత మాంసకృత్తిని కనుగొనెను. అది మొదట ఆకుపచ్చన. ఊదా లేక అతినీలలోహిత కాంతి సోకినచో ఎర్రనగును. మరల వెనుకకు రాదు. శరత్కాలమున ఎరుపెక్కు మేపుల్ ఆకు పేరిట దానికి కయెడె అని పేరు పెట్టిరి. అందలి రంగు కేంద్రము హిస్టిడీన్, టైరోసిన్, గ్లైసీన్‌లతో ఏర్పడినది. కాంతి తగులగానే హిస్టిడీన్ వద్ద గొలుసు తెగి, జంటబంధముల వరుస పొడవగునని మరుసటి సంవత్సరము తేలెను. 2004లో లోబోఫిల్లియా అను పగడమునుండి ఇట్టిదే మరియొకటి దొరికెను. దానికి ఈయోస్ అని పేరు.

ఎండకు రంగు మారు ఈ గుణమే శాస్త్రమునకు గొప్ప సాధనమైనది. సాధారణ సూక్ష్మదర్శినిలో కాంతి తరంగదైర్ఘ్యములో సుమారు సగముకంటె దగ్గరగా నున్న రెండు చుక్కలు కలిసిపోయి ఒకటిగా కనబడును. 2006లో ఎరిక్ బెట్జిగ్ మొదలగువారు ఇట్టి మాంసకృత్తులను కొద్దికొద్దిగా వెలిగించి, ఒక్కొక్క అణువు స్థానమును విడిగా గుర్తించి, అన్నిటిని కలిపి చిత్రము గీసిరి. దీనితో ఆ హద్దు దాటినట్లయ్యెను. ఆకుపచ్చ మాంసకృత్తికై షిమొమురా, చాల్ఫీ, త్సియెన్‌లకు 2008లోను, సూక్ష్మదర్శినికై బెట్జిగ్, స్టెఫాన్ హెల్, విలియం మోర్నర్‌లకు 2014లోను రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించెను. హైదరాబాదులో 1977లో స్థాపింపబడిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రము వంటి సంస్థలలో నేడు జీవకణము లోపల ఏది ఎక్కడ ఉన్నదో చూచుటకు ఈ వంశపు మాంసకృత్తులు నిత్యపు పనిముట్లు.

రంగు వలన పగడమునకేమి లాభము?

మనుష్యునకు ఇంత ఉపకరించిన ఈ రంగులు వానిని ధరించిన జీవికి ఎందులకు? 2000లో ఆస్ట్రేలియాలో అన్యా సాలిహ్ బృందము ఇవి ఎండగొడుగు వలె పనిచేయునని వాదించెను. ఆరు దశాబ్దములనాటి కవాగుటి ఊహకు ఇది బలమిచ్చెను. కాని 2003లో చార్లెస్ మాజెల్ బృందము కరీబియన్ సముద్రపు పగడములను కొలిచి, అక్కడి ఆకుపచ్చ ద్రవ్యము అట్టి రక్షణ నిచ్చుటకు చాలదని చెప్పెను. వాదము చాలకాలము నడచెను. అన్ని పగడములకు, అన్ని రంగులకు ఒకే ప్రయోజనము ఉండవలెనని లేదు.

ఈ ప్రశ్న పండిత వినోదము మాత్రమే కాదు. సముద్రము మామూలుకంటె ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి కొన్ని వారములు అట్లే నిలిచినచో పగడము తన శైవలములను కోల్పోవును. అప్పుడు పారదర్శకమైన మాంసము గుండ తెల్లని ఎముక కనబడును. దీనిని పగడము వెల్లబారుట అందురు. ఆహారమునిచ్చు నాచు తిరిగి రానిచో జీవి ఆకలితో చచ్చును. 1998లో ఇట్టి విపత్తు ప్రపంచమంతట సంభవించెను. ఆ ఒక్కసారియే ప్రపంచపు పగడపు దిబ్బలలో సుమారు 16 శాతము నాశనమైనదని అంచనా. మన లక్షద్వీపములు, మన్నారు సింధుశాఖ దానికి గురియైనవి. 2010లోను, 2016లోను అవి మరల దెబ్బతిన్నవి. 2024 ఏప్రిలులో ప్రపంచవ్యాప్తమైన నాలుగవ వెల్లబాటు జరుగుచున్నదని శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఇక్కడ రంగు మాంసకృత్తులు మరల కథలోనికి వచ్చుచున్నవి. కొన్ని పగడములు వేడికి శైవలములను కోల్పోయినప్పుడు తెల్లబడుటకు మారుగా గాఢమైన గులాబి, నీలి, పసుపు వన్నెలు దాల్చును. 2020లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన యోర్గ్ వీడెన్మన్ బృందము దీనికి కారణము చూపెను. నాచు పోయినచో కాంతిని గ్రహించువారు లేరు. తెల్లని ఎముక ఆ కాంతిని మరల మరల తిప్పికొట్టును. మాంసములో వెలుతురు మితిమీరును. ఆ నీలికాంతియే రంగు మాంసకృత్తుల జన్యువులను మేల్కొల్పును. రంగు పెరిగి నీడ పడును. ఆ నీడలో శైవలములు తిరిగివచ్చి నిలదొక్కుకొనుటకు వీలు కలుగును. వేడి స్వల్పమైనప్పుడు, కొద్దికాలమే ఉన్నప్పుడు ఈ ఏర్పాటు పనిచేయును. వేడి తీవ్రమైనచో రంగు రాదు. పగడము తెల్లబడి చచ్చును.

వెలుగని నీలి మాంసకృత్తి శక్తిని వేడిగా వదలివేయునని స్ఫటిక శాస్త్రజ్ఞులు 2003లో చెప్పినది ఇప్పుడు సముద్రమున అర్థవంతముగా కనబడుచున్నది. నీడనిచ్చు తెరకు కాంతిని మ్రింగుటయే పని; దానిని తిరిగి వెదజల్లనక్కరలేదు. పరమాణువుల మెలికను కొలుచుటకు చేసిన పరిశ్రమ ఒక దిబ్బ బ్రతుకునో చావునో అర్థము చేసికొనుటకు ఇట్లు తోడ్పడినది.

జెల్లీచేపలు లేనిచో షిమొమురా పని లేదు. మాస్కో తొట్లకు చేరిన పగడపు జీవులు లేనిచో డీఎస్‌రెడ్ లేదు. ట్రాకిఫిల్లియా, లోబోఫిల్లియా, మోంటిపోరా అను జీవులు ఒక్కొక్కటి ఒక్కొక్క పాఠము నేర్పినవి. ఏ జీవిలో ఏ విద్య దాగియున్నదో ముందుగా ఎవ్వరును చెప్పలేకపోయిరి. మెడలోని ఎర్ర పగడము తరములు మారినను రంగు చెడదు. సముద్రములోని పగడము రంగు మాత్రము దాని ప్రాణమున్నంతవరకే. నీరు వేడెక్కినకొలది ఆ రంగులు ఒక్కొక్కటిగా ఆరిపోవుచున్నవి. వానితోబాటు ఎవ్వరును ఇంకను చదువని జన్యువులును పోవుచున్నవి. మన్నారు సింధుశాఖలోను, లక్షద్వీపములలోను మిగిలిన దిబ్బలను కాపాడుకొనుటకు ఇది గూడ ఒక కారణము.